పరగడుపు

ఇంకా చీకటిగనే ఉంటది నేను బండి తీసేసరికి.
వెనక డబ్బాల ఐసు, సూదులు,
బూడిదరంగు మూతల గొట్టాలు.
అంబర్‌పేట నుంచి రామంతాపూర్ దాక
గల్లీ గల్లీల నేనడిగేది ఒక్కటే:
"రాత్రి నుంచి ఏం తినలే కద?"

"ఏం తినలే" అంటరు అందరు.
జెర ఆగి
"చాయ్ ఒక్కటే తాగిన" అంటరు.
ఈ ఊర్ల చాయ్ తిండి లెక్కల రాదు.
అండ్ల ముంచిన ఉస్మానియా బిస్కెట్ అసలే రాదు.
నాకెర్కే. నావి రోజుకు ఆరు కప్పులు,
ఎవరన్న అడిగితే రెండు.

రిటైరైన కండక్టర్ విఠోబా సార్
చెయ్యి చాపి మొహం అటు తిప్పుకుంటడు.
"మా నాయినకు లేదు, తాతకు లేదు,
నాకెక్కడి నుంచి ఒచ్చింది ర ఇది?"
"తాత ఏం తింటుండె సార్?"
"జొన్న గట్క. పొద్దుమాపు నాగలెన్క నడక."
"మరి అన్నం?"
సూది దిగింది కూడ మరిచి నవ్విండు.
"అన్నమా! పీర్ల పండుగకు. అల్లుడొస్తే.
నాలుగిండ్లకు వాసన పోవాలెనని
తలుపు తెరిచి ఒండేది మా అవ్వ."

పట్నమొచ్చినంక తెల్లబువ్వ మూడుపూటల ఒచ్చింది.
కంచం నిండ గుట్ట, అంచుకు ఇంత కూర.
మనం గెలిచినమని చెప్పెటానికి
మల్లెమొగ్గల లెక్క పొడిపొడి సాక్ష్యం.
పండుగ రోజూ ఒస్తే
ఒళ్ళు ఎన్నిదినాలని మర్యాద చేస్తది?

తిండొక్కటే కాదు,
నెత్తురు వరస ఉంటది, కుర్చీల కొలువు ఉంటది,
నిద్రలేని రాత్రులుంటయి అంటడు మా డాక్టరు.
నిజమే.
కాని గొట్టం పైకెత్తి చూస్తే
నాకు కంచమే కనవడ్తది.

ఉప్పల్‌ల మెట్రో పిల్లర్ కింద
సందెపూట మాణెమ్మ పొయ్యి రాజేస్తది.
నారాయణఖేడ్ దిక్కుది.
రెండు చేతుల నడుమ పిండి చప్పుడు,
రేకుల మీద వాన మొదలైనట్టు.
కార్లు ఆగుతయి. అద్దం దిగుతది.
"ఆరు జొన్నరొట్టెలు. నాకు షుగరుంది."
ఇంటిపేరు చెప్పినట్టే చెప్తరు.
తాతల పేదరికం
డాక్టరు చీటీ మీద మందై తిరిగొచ్చింది.

మొన్న బస్తీ దవాఖానల క్యాంపు.
వరసల మాణెమ్మ.
వేలికొస కాలి కాలి మొద్దుబారింది,
రెండుసార్లు గుచ్చితే గాని చుక్క రాలే.
మిషన్ల అంకె: రెండొందల అరవై ఎనిమిది. పరగడుపున.
"రొట్టెలు చేసేదానివి కదమ్మా, నీకెట్ల?"

చిన్న పిలగాణ్ణి చూసినట్టు చూసింది.
"చేస్త బిడ్డా. తింటనని నీకెవరు చెప్పిన్రు?"

రొట్టె ఇరవై రూపాలు.
రేషన్ బియ్యం ఉత్తగ ఒస్తయి.
పొద్దంత నడుమ నడుమ చాయ్,
ఆకలి సప్పుడు చేయొద్దని చక్కెర జెర ఎక్కువ.
రాత్రి పదకొండుకు పొయ్యి ఆర్పి
పొద్దటి అన్నం, పచ్చిపులుసు, కడుపు నిండ.
ఇంకేంటితోని నింపాలె దాన్ని?

మేము పంచే కార్డు చదివి చెప్పిన:
"తెల్లన్నం తగ్గించండి.
పప్పు, ఆకుకూరలు పెంచండి.
వేళకు తినండి."
మిగిలినయన్ని ఊకొట్టింది గాని
వేళ అన్న కాడ మాత్రం
కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది.

నిన్న మాపటికి అటే పోయిన.
గంప పక్కన, గుడ్డ కింద
చినిగిన రొట్టె ఒకటి దాచి పెట్టుకున్నది.
"నాకే," అన్నది, నేనేం అడగకముందే.
పక్క బండి మీద చాయ్ చెప్పి నిలవడ్డ.

తెల్లకారు ఆగింది. ఏడు కావాల్నట.
గంపల ఆరే ఉన్నయి,
పిండి అయిపోయింది.
ఆమె గుడ్డ దిక్కు చూసింది.
గుడ్డ మీదికెల్లి నా దిక్కు చూసింది.

నేను కప్పులకు చూసిన.
బిస్కెట్ మెత్తవడి
అప్పటికే అడుగుకు జారింది.